ఎనిమిది అంకెలు దాచడం

ఒక ప్రభుత్వ శాఖలో పదేళ్ల కిందట రాసిన సర్వీసు ఒకటి ఉందనుకుందాం. లబ్ధిదారుడి నంబరు ఇస్తే పేరు, ఊరు, పుట్టిన తేదీ, వాటితో పాటు పన్నెండు అంకెల ఆధార్ సంఖ్య మొత్తం జవాబుగా పంపుతుంది. రాసిన రోజుల్లో దాన్ని వాడింది ఆ ఆఫీసు లోపలి కంప్యూటర్లే. ఇప్పుడు అదే సర్వీసును మొబైల్ యాప్ పిలుస్తోంది, బయటి ఏజెన్సీలు పిలుస్తున్నాయి. సంఖ్యను చూపాల్సి వస్తే మొదటి ఎనిమిది అంకెలు దాచి చివరి నాలుగే చూపడం ఆధార్ జారీచేసే యూఐడీఏఐ పెట్టిన మాస్క్‌డ్ ఆధార్ పద్ధతి. సర్వీసునే సరిచేద్దామంటే సోర్సు కోడ్ ఎవరి దగ్గరుందో వెతకాలి, మార్చాలి, మళ్లీ పరీక్షించాలి. అది నెలల పని. ఆ నెలలన్నీ సంఖ్యలు బయటికి పోతూనే ఉంటాయి.

ఇలాంటప్పుడు వెంటనే చెయ్యి పెట్టగల చోటు ఒకటుంది. అదే ఏపీఐ గేట్‌వే. ఒక సంస్థకు ఉన్న పదుల, వందల సర్వీసులన్నిటి ముందూ నిలబడే ప్రోగ్రాము అది. బయటి నుంచి వచ్చే ప్రతి అభ్యర్థనా, లోపలి నుంచి వెళ్లే ప్రతి జవాబూ దాని గుండానే పోవాలి. ఒకప్పటి రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టు లాంటిదన్నమాట. లారీకి పర్మిట్ ఉందా, బరువు మించిందా, వేబిల్లు సరిగా ఉందా అని అక్కడ చూసేవారు. ఆ సరుకు ఎవరి పెళ్లికో ఎవరి దుకాణానికో వాళ్లకు అక్కర్లేదు. గేట్‌వే దగ్గర జరిగే ఇలాంటి తనిఖీల్లో ఒక్కోదాన్ని పాలసీ అంటారు. అడుగుతున్నది ఎవరో తేల్చే పాలసీ, నిమిషానికి ఇన్ని అభ్యర్థనలని హద్దు పెట్టి, దాటితే 429 సంకేతంతో వెనక్కి పంపే పాలసీ, ఇలాంటివి ప్రతి ప్లాట్‌ఫారంతోనూ సిద్ధంగా వస్తాయి. మనకు కావాల్సింది వాటిలో లేనప్పుడు రాసుకునేది కస్టమ్ పాలసీ. ప్రపంచమంతటికీ తయారైన గేట్‌వేకి మన పన్నెండు అంకెల సంగతి తెలియదు కాబట్టి ఆధార్ దాచే పని మనమే రాసుకోవాలి.

గేట్‌వేకి సర్వీసు గురించి ఏమీ తెలియదు. అందుకే ఒకే పాలసీని వంద సర్వీసుల ముందు పెట్టగలం, దాని బలమంతా అక్కడే ఉంది. తనకు తెలియని సరుకు మీద చెయ్యి వేస్తోంది కాబట్టి దాని ప్రమాదం కూడా అక్కడే ఉంది. ఎంత తక్కువ తెలుసుకుని, ఎంత తక్కువ ముట్టుకుని పని పూర్తిచేయవచ్చో కనిపెట్టడమే పాలసీ రాసేవాడి నేర్పని నేను నమ్ముతాను. ఎనిమిది అంకెలు దాచే చిన్న పనిలో ఈ నేర్పు ఎన్ని మలుపులు తిరుగుతుందో చూద్దాం.

పాలసీ రాసే తీరు ప్లాట్‌ఫారాన్ని బట్టి మారుతుంది. అజూర్ ఏపీఐ మేనేజ్‌మెంట్‌లో ఎక్స్‌ఎంఎల్‌లో రాస్తారు. అభ్యర్థన వచ్చేటప్పుడు, సర్వీసును పిలిచేటప్పుడు, జవాబు వెళ్లేటప్పుడు, తప్పు జరిగినప్పుడు అని నాలుగు అరలుంటాయి. లెక్క చేయాల్సిన చోట సీ-షార్ప్ ముక్కలు పెడతారు. మ్యూల్‌సాఫ్ట్ వారి ఫ్లెక్స్ గేట్‌వే, లిఫ్ట్ సంస్థ 2016లో ఓపెన్ సోర్సు చేసిన ఎన్వాయ్ మీద కట్టినది. అక్కడ పాలసీని రస్ట్ భాషలో రాసి వెబ్‌అసెంబ్లీగా మారుస్తారు. ఈ అధ్యాయానికి నేను కాంగ్‌ను తీసుకుంటున్నాను. 2015లో ఓపెన్ సోర్సుగా వచ్చిన ఈ గేట్‌వేలో పాలసీని ప్లగిన్ అంటారు, చాలావరకు లువా భాషలో రాస్తారు. దీని లోపలి యంత్రం ఇగోర్ సిసోయెవ్ 2004లో విడుదల చేసిన ఎన్‌జిన్‌ఎక్స్. దానికి లువాను జోడించిన ఓపెన్‌రెస్టీ మీద కాంగ్ నడుస్తుంది.

లువా పుట్టుక గురించి ఒక మాట చెప్పాలి. 1993లో రియో డి జనీరోలోని కాథలిక్ విశ్వవిద్యాలయంలో అది తయారైంది. విదేశీ కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్ కొనడం మీద బ్రెజిల్‌లో ఏళ్ల తరబడి కఠిన ఆంక్షలుండేవి. కావాల్సిన పనిముట్లను తామే చేసుకోవడం అక్కడి పరిశోధకులకు అలవాటైపోయింది. పెట్రోబ్రాస్ చమురు సంస్థ పనుల కోసం వాళ్లు చేసుకున్న భాష ఇది. మరో ప్రోగ్రాము లోపల ఒదిగి పనిచేయడానికే పుట్టింది కనుక వీడియో గేముల్లోకి, ఆ తర్వాత గేట్‌వేల్లోకి తేలిగ్గా చేరింది.

కాంగ్ ప్లగిన్‌కు రెండు ఫైళ్లు ముఖ్యం. హ్యాండ్లర్‌లో పని ఉంటుంది, స్కీమాలో ఆ పనికి ఇవ్వగల సెట్టింగులు ఉంటాయి. హ్యాండ్లర్‌ను ఒకే పొడవాటి ప్రోగ్రాముగా రాయరు. అభ్యర్థన లోపలికి వెళ్లేముందు యాక్సెస్ దశ, జవాబు హెడర్లు వచ్చినప్పుడు హెడర్ ఫిల్టర్, జవాబు బాడీలో ఒక్కో ముక్క వచ్చిన ప్రతిసారీ బాడీ ఫిల్టర్, అంతా ముగిశాక లాగ్, ఇలా ఒక్కో దశకు ఒక్కో ఫంక్షన్ రాస్తారు. ఇంకొన్ని దశలున్నా మన పనికి ఇవి చాలు.

ఒకే దారిలో చాలా ప్లగిన్లు ఉంటే ముందెవరు అన్నది ప్రాధాన్య సంఖ్య తేలుస్తుంది. పెద్ద సంఖ్య ఉన్నది ముందు నడుస్తుంది. కాంగ్ 3లో కీ-ఆథ్ సంఖ్య 1250, రేట్-లిమిటింగ్ సంఖ్య 910. అంటే మనిషెవరో తేలాకే అతని లెక్క చూస్తారు. తన ప్లగిన్‌కు 2000 ఇచ్చి, వాడుకరిని బట్టి నిర్ణయం తీసుకోవాలని ఎవరైనా రాస్తే, ఆ క్షణానికి వాడుకరి ఎవరో ఇంకా తేలి ఉండదు. మన పాలసీ మాత్రం చివరి వరసలో ఉండాలి. జవాబును మార్చే రెస్పాన్స్-ట్రాన్స్‌ఫార్మర్ సంఖ్య 800. అది ఆధార్ ఉన్న ఫీల్డును కొత్తగా చేర్చినా మన కంట పడాలంటే మనం దాని కిందే ఉండాలి.

ఇంకో నియమం యంత్రం పెట్టేది. ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఒక్క వర్కర్ వేలకొద్దీ కనెక్షన్లను ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా చూసుకుంటుంది. ఒక ప్లగిన్ అర సెకను ఆగిందంటే ఆ వర్కర్ మీదున్న అందరూ అర సెకను ఆగినట్టే. అందుకే హెడర్ ఫిల్టర్‌లో, బాడీ ఫిల్టర్‌లో నెట్‌వర్కును పిలిచి జవాబు కోసం ఎదురుచూసే సౌకర్యమే ఉండదు. ఈ అంకెలు ఆధారేనా అని జవాబు మధ్యలో డేటాబేసును అడగలేం. చేతిలో ఉన్న అక్షరాలతోనే తేల్చుకోవాలి.

మొదటిసారి ఈ పాలసీ రాసేవారెవరైనా దాదాపు ఒకేలా రాస్తారు. బాడీ ఫిల్టర్‌లోకి వచ్చిన ముక్కలో పన్నెండు అంకెల వరుస వెతకడం, మొదటి ఎనిమిదింటి చోట ఎక్స్ అక్షరం పెట్టడం. పరీక్షలో చక్కగా నడుస్తుంది, ఎందుకంటే పరీక్ష జవాబు చిన్నది, ఒకే ముక్కలో వచ్చేస్తుంది. నాలుగు వందల మంది జాబితా వచ్చిన రోజున జవాబు అనేక ముక్కలవుతుంది. కోత ఎక్కడ పడుతుందో ముందే చెప్పలేం. ఒక సంఖ్యలో ఏడంకెలు ఈ ముక్క చివర, ఐదంకెలు తర్వాతి ముక్క మొదట పడితే రెండు ముక్కల్లోనూ పన్నెండు అంకెలు కనిపించవు. అవతల యాప్ రెండిటినీ అతికించుకుంటుంది, పూర్తి సంఖ్య తెరమీదికి వస్తుంది. ఎక్కడా ఎర్రర్ నమోదు కాదు. భద్రత కోసం రాసిన పాలసీ ఇలా చప్పుడు లేకుండా విఫలం కావడం అన్నిటికన్నా చెడ్డది. పాలసీ ఉంది కదా అన్న ధీమాతో ఇక ఎవరూ అటు చూడరు.

ముక్క అంకెలతో ముగిస్తే ఆ అంకెల వరుసను పంపకుండా ఆపి, తర్వాతి ముక్క ముందు అతికించి చూడటం దీనికి మందు. దాచుకోవాల్సింది కొన్ని అక్షరాలే కాబట్టి మెమరీ భారం ఉండదు. ఎనిమిది అంకెల చోట ఎనిమిది ఎక్స్‌లే పెడుతున్నాం గనుక జవాబు మొత్తం పొడవు కూడా మారదు. హెడర్లలో ప్రకటించిన కంటెంట్-లెంగ్త్ నిజమే అవుతుంది. దాచే గుర్తు ఒక్క అక్షరం ఎక్కువైనా తక్కువైనా ఆ హెడర్‌ను ముందే తీసేయాలి. బాడీలో ఏముందో చూడకముందే హెడర్లు వెళ్లిపోతాయి కాబట్టి ఆ నిర్ణయం హెడర్ ఫిల్టర్ దశలోనే జరిగిపోవాలి.

జవాబు జిప్ అయి వస్తే అంకెలే కనిపించవు. పాలసీ ఏమీ దొరకలేదనుకుని అన్నిటినీ వదిలేస్తుంది. యాక్సెస్ దశలో యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్ హెడర్‌ను తీసేస్తే సర్వీసు మామూలు అక్షరాలతో పంపుతుంది. అయినా సర్వీసు మాట వినకపోవచ్చు. జవాబులో కంటెంట్-ఎన్‌కోడింగ్ ఉందో లేదో చూసి, ఉంటే ఆపేయడం క్షేమం.

ఇంతవరకు యంత్రంతో వచ్చిన చిక్కులే చూశాం. అసలు కష్టం అర్థం దగ్గర మొదలవుతుంది. పన్నెండు అంకెలున్న ప్రతిదీ ఆధార్ కాదు. 91తో మొదలుపెట్టి మొబైల్ నంబరు రాస్తే పన్నెండు అంకెలే. యూపీఐ లావాదేవీ రిఫరెన్సు నంబరు కూడా పన్నెండు అంకెలే. డబ్బు పోయి ఫిర్యాదు చేయడానికి వచ్చిన మనిషికి ఆ రిఫరెన్సు నంబరులో ఎనిమిది అంకెలు ఎక్స్‌లుగా కనిపిస్తే మనం చేసింది రక్షణ అనిపించుకోదు. కాబట్టి అంకెల ఆకారాన్ని నమ్మకుండా ఫీల్డు పేరును నమ్ముకోవాలి. ఆధార్ అనో, యూఐడీ అనో పేరున్న ఫీల్డు విలువనే దాచాలి.

ఫీల్డు పేరు కావాలంటే జవాబు రాసి ఉన్న జేసన్ రూపాన్ని చదవాలి. లువాలో అందరూ వాడే సీజేసన్ లైబ్రరీతో మొత్తం జవాబును చదివి, విలువ మార్చి, తిరిగి రాయవచ్చు. ఇక్కడ మనం ముట్టుకోకూడనివి ముట్టుకుంటున్నాం. మామూలు సెట్టింగులతో ఆ లైబ్రరీ ఖాళీ జాబితాను ఖాళీ ఆబ్జెక్టుగా తిరిగి రాస్తుంది. సంఖ్యల్లో 14 అంకెల ఖచ్చితత్వమే ఉంచుతుంది. అంటే పన్నెండు అంకెల ఆధార్ క్షేమంగా ఉంటుంది గానీ, పక్క ఫీల్డులో కొటేషన్లు లేకుండా వచ్చిన 16 అంకెల ఖాతా సంఖ్య చివరి అంకెలు పోగొట్టుకుని ఘాతాంక రూపంలో బయటికొస్తుంది. ఈ రెంటికీ సెట్టింగులతో మందు ఉంది. కానీ ఆ మందు వేయాలన్న సంగతి తెలియని మనిషి, ఆధార్ దాచబోయి ఖాతా సంఖ్యలు పాడుచేస్తాడు. సర్వీసువాళ్లు తమ కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటారు.

నాకు నచ్చిన దారి వేరు. జేసన్‌ను విడదీసి మళ్లీ కట్టకుండా, అక్షరం వెంబడి అక్షరం చదువుకుంటూ పోయే చిన్న స్కానర్ రాయాలి. తానిప్పుడు కొటేషన్ల లోపలున్నానా, ఇంతకుముందు అక్షరం బ్యాక్‌స్లాషా, చివరగా చూసిన ఫీల్డు పేరేమిటి, దాని విలువలో ఎన్ని అంకెలు దాటాను అన్న నాలుగు సంగతులు గుర్తుంచుకుంటే దానికి చాలు. ముక్క మారినా ఆ నాలుగూ గుర్తుంటాయి కాబట్టి కోత ఎక్కడ పడ్డా పట్టింపు ఉండదు. కావాల్సిన ఫీల్డు విలువ తప్ప తక్కిన ప్రతి అక్షరాన్నీ వచ్చినది వచ్చినట్టే దాటిస్తుంది. ఖాళీ జాబితా ఖాళీ జాబితాగానే పోతుంది. రాయడానికి కొంచెం ఎక్కువ శ్రమే, కానీ వంద సర్వీసుల ముందు నిలబడే కోడ్‌కు ఆ శ్రమ తగును.

దీనికి కూడా ఒక చోట దారి మూసుకుపోతుంది. సర్వీసు ఆధార్‌ను కొటేషన్లు లేకుండా, వట్టి సంఖ్యగా పంపితే దాని మధ్యలో ఎక్స్ పెట్టగానే జేసన్ చెడిపోతుంది. ఎక్స్‌లకు బదులు సున్నాలు పెడదామంటే, సంఖ్య ముందు అదనపు సున్నాలు ఉండకూడదని జేసన్ వ్యాకరణం చెబుతుంది. కొటేషన్లు చేర్చి అక్షరమాలగా మారిస్తే జేసన్ బాగుంటుంది, పొడవు మారుతుంది, పైగా సంఖ్య కోసం ఎదురుచూస్తున్న యాప్ తడబడుతుంది. ఇది గేట్‌వేలో తేలే విషయం కాదు. యాప్ రాసేవాళ్లతో కూర్చుని ఒప్పందం మార్చుకోవాల్సిందే.

స్కానర్ మధ్యలో విఫలమైతే ఏం చేయాలి? ఈ ప్రశ్నకు జవాబు రాయని పాలసీ పూర్తయినట్టు కాదు. కాంగ్ సొంత రేట్-లిమిటింగ్ ప్లగిన్‌ను చూడండి. లెక్కలు ఉంచుకునే రెడిస్ డేటాబేసు అందకపోతే అభ్యర్థనలను వదిలేయమనే అందులో మామూలు సెట్టింగు. అక్కడ అది సబబే, లెక్క తప్పినందుకు అందరినీ వాకిట్లో నిలబెట్టనక్కర్లేదు. ఆధార్ విషయంలో అలా వదిలేస్తే పాలసీ పెట్టిన ప్రయోజనమే పోతుంది, కాబట్టి ఆపాలి. ఆపడం అంత తేలిక కాదు. బాడీ ఫిల్టర్ నడిచే వేళకు, అంతా సవ్యమే అని చెప్పే 200 సంకేతం అప్పటికే వాడుకరికి చేరిపోయింది. దాన్ని వెనక్కి తీసుకోలేం. మధ్యలో తెంపేయడమే మిగిలింది. ప్రకటించిన పొడవు రాలేదు గనుక యాప్ దాన్ని అసంపూర్ణ జవాబుగా గుర్తిస్తుంది.

కాంగ్‌లో రెస్పాన్స్ అనే మరో దశ ఉంది. జవాబు మొత్తాన్ని కూడబెట్టుకున్నాకే అది నడుస్తుంది, కాబట్టి సంకేతం మార్చే వీలుంటుంది. దానికి చెల్లించాల్సిన ధర మెమరీ. ఒక్కో జవాబు ఒక మెగాబైటు, ఒకే సమయంలో వెయ్యి మంది ఉంటే ఒక గిగాబైటు కూడబెట్టినట్టే. చిన్న జవాబులకు ఆ దశ వాడి, పెద్ద జాబితాల దారులకు స్కానర్ పెట్టడం నేను చెప్పగల సలహా.

ఇక అక్షరాల నమూనా వెతకడానికి అందరూ మొదట చెయ్యి చాపే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల సంగతి. 2019 జూలై 2న క్లౌడ్‌ఫ్లేర్ నెట్‌వర్కు ప్రపంచమంతటా 27 నిమిషాల పాటు కుప్పకూలింది. వెబ్‌సైట్లు తెరిచినవారికి 502 కనిపించింది. ఒక దశలో వారి ట్రాఫిక్ 82 శాతం పడిపోయింది. కారణం దాడి కాదు. వెబ్‌సైట్లను కాపాడే ఫైర్‌వాల్‌లో కొత్తగా చేర్చిన ఒకే ఒక్క నియమం. ఆ ఫైర్‌వాల్ కూడా కాంగ్ లాగే ఎన్‌జిన్‌ఎక్స్, లువాల మీద నడిచేదే. ఆ నియమంలోని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో, ఎన్ని అక్షరాలైనా సరే అనే గుర్తు వెంటవెంటనే వచ్చింది. అలాంటి నమూనాను సరిపోల్చే యంత్రం ముందు మొదటి గుర్తుకే అక్షరాలన్నీ ఇచ్చేస్తుంది. సరిపోకపోతే ఒక అక్షరం వెనక్కి తీసుకుని రెండో గుర్తుకు ఇచ్చి చూస్తుంది. అలా ప్రతి పంపకాన్నీ ప్రయత్నిస్తుంది. అక్షరాలు రెట్టింపైతే పని నాలుగింతలవుతుంది, కొన్ని నమూనాల్లో అంతకన్నా వేగంగా పెరుగుతుంది. ఒక్కో వర్కరూ ఒక్కో ప్రాసెసర్‌ను పూర్తిగా మింగేసింది.

పాలసీ రాసేవారు ఈ సంఘటనలో మరువకూడనిది ఇంకొకటుంది. ఆ నియమాన్ని వాళ్లు ఎవరినీ ఆపని, గమనించడానికి మాత్రమే వాడే పద్ధతిలో పెట్టారు. అయినా నమూనాను సరిపోల్చే పని మాత్రం ప్రతి అభ్యర్థనకూ జరిగింది, ప్రాసెసర్లు అందుకే ఖర్చయ్యాయి. గమనించడం ఉచితం కాదు. కొత్త పాలసీని ఏ పద్ధతిలో పెట్టినా ముందు ఒకే దారిలో, ఒకే యంత్రం మీద పెట్టి ప్రాసెసర్ లెక్క చూడాలి. ఆ సంఘటన తర్వాత క్లౌడ్‌ఫ్లేర్ నడక సమయానికి హామీ ఇచ్చే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ యంత్రాల వైపు మళ్లింది.

ఇందుకే మన స్కీమాలో ఏ నమూనా దాచాలో రాయండి అన్న పెట్టె ఉండకూడదు. పాలసీ రాసేది ఒకరు, దాన్ని దారిలో పెట్టేది మరొకరు. ఆ రెండో మనిషికి దశల గురించీ, వర్కర్ల గురించీ తెలియకపోవచ్చు, తెలియాల్సిన పనీ లేదు. అతనికి ఇవ్వాల్సింది ఫీల్డు పేర్ల జాబితా, జవాబు గరిష్ఠ పరిమాణం, ఇంకేమీ లేదు. పరిమాణం ఎంత నుంచి ఎంత వరకో స్కీమాలోనే రాస్తే తప్పు విలువ టైపు చేసినప్పుడే కాంగ్ నిరాకరిస్తుంది. విఫలమైతే వదిలేయాలా, ఆపాలా అన్న స్విచ్ కూడా పెట్టమని ఎవరైనా అడుగుతారు. పెట్టకూడదని నా అభిప్రాయం. రాత్రి ఒంటిగంటకు యాప్ పనిచేయట్లేదని ఫోన్ వస్తే మొదట నొక్కేది ఆ స్విచ్చే.

ఫీల్డు పేరును నమ్ముకున్నాం కదా, రేపు సర్వీసువాళ్లు ఆ పేరు మార్చేస్తే? లేదా వివరాలు అనే ఫీల్డులో ఒక వాక్యం మధ్యలో ఆధార్ రాసి పంపితే? ఇక్కడే ఒక అందమైన గణితం మనకు తోడొస్తుంది. ఆధార్‌లో చివరి అంకె తక్కిన పదకొండు అంకెల నుంచి లెక్కగట్టినది. లెక్క పద్ధతి డచ్ గణితవేత్త యాకోబస్ వెర్హూఫ్ 1969లో ఇచ్చినది. అంకెలు చేత్తో రాసేటప్పుడు మనుషులు ఎక్కువగా చేసే తప్పులు రెండు: ఒక అంకెకు బదులు మరొకటి రాయడం, పక్కపక్క అంకెలను తారుమారు చేయడం. అంకెలను వట్టిగా కూడితే తారుమారు దొరకదు. మూడూ ఐదూ కూడినా ఐదూ మూడూ కూడినా ఎనిమిదే కదా.

వెర్హూఫ్ వరుస మారితే ఫలితం మారే కూడికను వెతికి, దాన్ని పంచభుజిలో దొరకబుచ్చుకున్నాడు. సమపంచభుజిని దాని చోటు కదలకుండా తిప్పే విధానాలు ఐదు, బోర్లించే విధానాలు ఐదు, మొత్తం పది. పది అంకెలకు సరిగ్గా సరిపోయాయి. తిప్పి బోర్లిస్తే వచ్చే రూపం, బోర్లించి తిప్పితే వచ్చే రూపం ఒకటి కావు. ఆ పద్ధతిలో 1, 5 వరుసగా కలిపితే 6 వస్తుంది, 5, 1 కలిపితే 9 వస్తుంది. రెండు తిప్పుళ్లు మాత్రం ఎటు కలిపినా ఒకటే కాబట్టి, అంకె ఉన్న స్థానాన్ని బట్టి దాన్ని ముందే మరో అంకెగా మార్చే పట్టికను కూడా ఆయన చేర్చాడు. రెండూ కలిస్తే ఒక అంకె తప్పు, పక్కపక్క అంకెల తారుమారు ఏదీ తప్పించుకోలేదు.

మన పనికి దీని విలువా, హద్దూ రెండూ స్పష్టమే. ఏదో ఒక పన్నెండు అంకెల వరుస ఈ పరీక్ష నెగ్గే అవకాశం పదిలో ఒకటి. 91తో మొదలయ్యే మొబైల్ నంబర్లలో పదో వంతు నెగ్గేస్తాయి. అందుకే దీని మీద ఆధారపడి దాచడం తప్పు. అనుమానించడానికి మాత్రం ఇది చాలా మంచిది. ఆధార్ సున్నాతో గానీ ఒకటితో గానీ మొదలు కాదన్న నియమం కూడా చేర్చుకుంటే జల్లెడ ఇంకాస్త సన్నమవుతుంది. వందలో ఒక జవాబును తీసుకుని, స్కానర్ దాచని ఫీల్డుల్లో ఈ పరీక్ష నెగ్గిన వరుసలు ఏ ఫీల్డులో ఎన్ని కనిపించాయో లెక్కపెట్టి, ఆ లెక్కను మాత్రమే నమోదు చేయాలి. అంకెలను నమోదు చేశామంటే దాచడానికి పెట్టిన పాలసీయే వాటిని లాగ్ ఫైలులో పోగేసినట్టవుతుంది. ఒక ఫీల్డులో ఉన్న పన్నెండు అంకెల వరుసల్లో పది శాతం నెగ్గితే అవి ఫోన్ నంబర్లో రిఫరెన్సులో అనుకోవచ్చు. దాదాపు అన్నీ నెగ్గితే అక్కడ ఆధార్ ఉందన్నమాట. ఆ ఫీల్డు పేరును జాబితాలో చేర్చాలి.

దాచిన సంఖ్యల లెక్కను కూడా దారి వారీగా ఉంచాలి. సర్వీసువాళ్లు తమ కోడ్ సరిచేసి, తామే నాలుగంకెలు పంపడం మొదలుపెట్టాక ఆ దారిలో లెక్క సున్నాకు పడుతుంది. సున్నా రెండు రకాలుగా రావచ్చు. సర్వీసు బాగుపడి ఉండాలి, లేదా ఫీల్డు పేరు మారి ఉండాలి. వెర్హూఫ్ లెక్క కూడా ఆ దారిలో పది శాతం దగ్గరే ఉంటే మొదటిదే జరిగిందని తేల్చుకుని, ఆ దారి నుంచి ప్లగిన్‌ను తీసేయవచ్చు.